భర్తకి యూకేలో సొంత కంపెనీ ఉంటే స్పౌస్ వీసా: బ్రాడీపేటలో మాకు ఫైల్ చేసిన ఆఫీసు గురించి

గుంటూరు బ్రాడీపేటలో వీసా ఆఫీసులకి కొదవ లేదు, ఏ లైన్లోకెళ్ళినా నాలుగు బోర్డులు కనపడతాయి, కాకపోతే అన్నీ స్టూడెంట్ వీసాల మీదే నడుస్తాయి. స్పౌస్ వీసా చేసేవాళ్ళు తక్కువ, అందులోనూ అబ్బాయికి అక్కడ ఉద్యోగం కాకుండా సొంత లిమిటెడ్ కంపెనీ ఉందీ అంటే ఆ లెక్క తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. వీళ్ళకి తెలుసు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, మాలాంటి కేసు ఉన్నవాళ్ళు ఓపిగ్గా చదవండి, ఎక్కడైనా అడ్వాన్స్ కట్టకముందే చదవండి.

మా కేసు ఏంటంటే, మా ఆయన వర్క్ వీసా మీద వెళ్ళి చాలా ఏళ్ళు ఉద్యోగం చేసి, ఐఎల్ఆర్, అంటే అక్కడ పర్మనెంట్‌గా ఉండే హక్కు, వచ్చాక మానేసి సొంతంగా కంపెనీ పెట్టుకున్నారు. సాఫ్ట్‌వేర్ కాంట్రాక్ట్ పనులు. డైరెక్టర్ ఆయనే, షేర్లన్నీ ఆయనవే. నేను ఇక్కడ జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్తాను. 2024 శ్రావణంలో మా పెళ్ళయింది, రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫికెట్ కూడా వెంటనే తీసుకున్నాం, ఇంకేముంది దసరాకల్లా వెళ్ళిపోతావు అని అత్తయ్య గారు పచ్చళ్ళ లెక్క కూడా వేసేశారు. నా ఫ్రెండ్ ఒకమ్మాయి పెళ్ళయిన కొన్నాళ్ళకే వెళ్ళిపోయింది కదా, మనకీ అంతే అనుకున్నారు అందరూ. కానీ ఆ అమ్మాయి వాళ్ళాయన స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నాడు, ఆమెది డిపెండెంట్ వీసా, ఆ రూల్స్ వేరు. ఐఎల్ఆర్ ఉన్నవాళ్ళ భార్య, సిటిజన్ల భార్య వెళ్ళేది ఫ్యామిలీ రూట్‌లో, దీనికి మినిమం ఇన్‌కమ్ రూల్ ఉంది. 2012 నుంచి ఏడాదికి 18,600 పౌండ్లు ఉండేది, 2024 ఏప్రిల్ 11 నుంచి 29,000 చేశారు. అంటే మా పెళ్ళికి కొద్ది నెలల ముందే పెంచేశారన్నమాట.

ముందు విజయవాడలో ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాం, పేరొద్దు. ఏసీ రూము, కాఫీ, గోడ నిండా ఫోటోలు. కంపెనీ టర్నోవర్ ఎంత అని అడిగారు, చెప్పాం. అబ్బో 29,000కి రెండింతల పైనే ఉంది కదండీ, కంపెనీ బ్యాంక్ స్టేట్‌మెంట్ పెట్టేద్దాం, రెండు వారాల్లో ఫైల్ రెడీ అన్నారు. లండన్‌కి ఫోన్ కలిపి మా ఆయనకి కూడా అదే చెప్పారు. ఇంకొకాయన మధ్యలో వచ్చి, ఆయన సొంత కంపెనీ నుంచే జీతం తీసుకుంటున్నారు కాబట్టి ఆరు నెలల పేస్లిప్పులు పెట్టినా చాలు అన్నారు. ఈ రెండు మాటలూ తప్పే. ఆ సంగతి బ్రాడీపేట ఆఫీసులో మేడం గారు చెప్పాకే మాకు అర్థమైంది, అప్పటికింకా అడ్వాన్స్ కట్టలేదు కాబట్టి బతికిపోయాం.

మా పెద్దమామయ్య గారికి తెలిసినవాళ్ళ ద్వారా ఇక్కడికి వచ్చాం. మేడం గారు టర్నోవర్ అడగనే లేదు. "కంపెనీ సంగతి తర్వాత చూద్దాం అమ్మా, పోయిన కంపెనీ ఇయర్లో మీ ఆయన సొంత అకౌంట్లో ఎంత పడింది, జీతం ఎంత, డివిడెండ్ ఎంత, విడివిడిగా చెప్పు" అన్నారు. నేను కామర్స్ దాన్ని కదా, ఆ ఒక్క ప్రశ్నకే ఈవిడకి విషయం తెలుసు అని నాకు అర్థమైపోయింది. ఎందుకంటే కంపెనీ వేరే మనిషి, డైరెక్టర్ వేరే మనిషి. కంపెనీ అకౌంట్లో లక్ష పౌండ్లు మూలుగుతున్నా అది కంపెనీ డబ్బు. స్పౌస్ వీసాకి లెక్కలోకి వచ్చేది డైరెక్టర్‌కి వచ్చిన జీతం, డివిడెండ్ (కంపెనీ లాభంలోంచి షేర్ల మీద తీసుకునే వాటా), అంతే.

మా ఆయన లెక్క చూస్తే, యూకేలో చిన్న కంపెనీల వాళ్ళు చాలామంది చేసినట్టే టాక్స్ లేకుండా వచ్చే 12,570 జీతంగా తీసుకుని, ఇల్లు గడవడానికి ఇంకో 10,000 డివిడెండ్ తీసుకుని, మిగతాది కంపెనీలోనే ఉంచేశారు. ఆయన ఒక్కరే ఉన్నారు కదా, అంతకన్నా ఎందుకు తీస్తారు, తీసినకొద్దీ టాక్స్. కాబట్టి 2024 మార్చి 31తో అయిపోయిన ఇయర్‌కి మొత్తం 22,570. ఆ లెక్కతో అప్లై చేస్తే రిజెక్టే అని మేడం గారు మొహం మీదే చెప్పేశారు. "ఇప్పుడు పెట్టొద్దమ్మా. నేను పెట్టను కూడా. మార్చి దాకా ఆగండి" అన్నారు. ఫీజు తీసుకుని ఫైల్ పెట్టేసి తర్వాత మీ ఖర్మ అనే ఆఫీసులు ఉన్న ఊళ్ళో, వచ్చిన గిరాకీని ఆగమని వెనక్కి పంపిన ఆవిడ మీద నాకు అప్పుడే గౌరవం పుట్టింది.

ఇక్కడ ఆదాయం ఎలా చూపించాలో చెప్పే కేటగిరీల సంగతి రాయాలి, ఎందుకంటే ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే. మామూలు ఉద్యోగస్తులకి కేటగిరీ ఏ, ఒకే కంపెనీలో ఆరు నెలలు చేస్తే పేస్లిప్పులతో అయిపోతుంది. సొంత కంపెనీ వాళ్ళకి అది వర్తించదు, వాళ్ళు ఎఫ్ గానీ జీ గానీ. ఎఫ్ అంటే చివరగా పూర్తయిన ఫైనాన్షియల్ ఇయర్ ఒక్కటి, జీ అంటే చివరి రెండేళ్ళ సగటు. సొంత కంపెనీ అంటే పూర్తిగా మన పేరు మీదే ఉండాలని కూడా కాదండోయ్. డైరెక్టర్ కాకపోయినా, ఉత్త ఉద్యోగి అయినా సరే, షేర్లు మనవీ, భార్యవీ, అమ్మానాన్నలవీ, అన్నదమ్ములవీ, బాబాయిలవీ, మేనమామలవీ, వాళ్ళ పిల్లలవీ అయి, బయటివాళ్ళు ఐదుగురికన్నా తక్కువ ఉంటే అది కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. మనవాళ్ళు అక్కడ అన్న షాపులోనో బాబాయి కొడుకు రెస్టారెంట్ కంపెనీలోనో పేరోల్ మీద ఉండి, నాకు ఉద్యోగమే కదా అని ఆరు పేస్లిప్పులు పెట్టేస్తారు. వాళ్ళూ ఎఫ్, జీ కిందకే వస్తారు, ఏడాది మొత్తం కాగితాలు పెట్టాల్సిందే. ఇది మేడం గారు మా ముందే ఇంకొకాయనకి, తెనాలి నుంచి వచ్చిన పెద్దాయన, కోడలి కేసు కోసం వచ్చారు, అరగంట సేపు కాగితం మీద గీసి చెప్పారు.

ఇంకో విషయం, కంపెనీ పెట్టకుండా సోల్ ట్రేడర్‌గా చేసుకునేవాళ్ళకి ఏప్రిల్ 6 నుంచి ఏప్రిల్ 5 దాకా ఉండే టాక్స్ ఇయర్ లెక్క. లిమిటెడ్ కంపెనీకి అలా కాదు, ఆ కంపెనీ ఇయర్ ఎప్పుడు ముగుస్తుందో అదే లెక్క. మాది మార్చి 31 కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు అసలు విషయం, నేను ఈ రివ్యూ రాయడానికి సగం కారణం ఇదే. 6,430 పౌండ్లు తగ్గాయి అని తెలియగానే మా నాన్న, అల్లుడు గారి పక్కన నిలబడాలి కదా అని, అమరావతి రోడ్డు వైపు ఉన్న స్థలం అమ్మేసి ఆ డబ్బు నా పేరు మీద బ్యాంకులో వేసి చూపిద్దాం అన్నారు. బేరం కూడా వచ్చేసింది. అగ్రిమెంట్ రాసుకునే ముందు ఒక్కసారి మేడం గారిని అడుగుదాం అని నేనే పట్టుబట్టి నాన్నని తీసుకెళ్ళాను. ఆవిడ కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, "బాబాయి గారూ, ఆ స్థలం జోలికి వెళ్ళకండి" అన్నారు. రూల్ ఏంటంటే, జీతంలో తగ్గితే సేవింగ్స్ కలిపి చూపించుకునే వీలు ఉద్యోగస్తులకి, కేటగిరీ ఏ వాళ్ళకి, ఉంది. ఎఫ్, జీ వాళ్ళకి లేదు, సొంత కంపెనీ ఆదాయంతో సేవింగ్స్ కలపనివ్వరు. ఒక్క సేవింగ్స్ మీదే వెళ్ళాలంటే 88,500 పౌండ్లు చూపించాలి. అదెలా వచ్చిందంటే, 29,000ని రెండున్నరతో గుణించి, దానికి 16,000 కలపాలి. మన డబ్బుల్లో కోటి దాకా, అదీ ఆరు నెలలు అకౌంట్లో కదలకుండా ఉండాలి. మా స్థలం అమ్మినా అందులో సగం కూడా రాదు. అంటే స్థలమూ పోయేది, వీసాకి పైసా పనికొచ్చేది కాదు. నాన్న మెట్లు దిగుతూ ఏం మాట్లాడలేదు, బేరం వాళ్ళకి మాత్రం ఆ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పేశారు. విజయవాడ వాళ్ళని కూడా సేవింగ్స్ గురించి అడిగాం అంతకుముందు, ఎంత ఉంటే అంత పెట్టండి, స్ట్రాంగ్‌గా ఉంటుంది అన్నారు. ఒక మధ్యతరగతి కుటుంబం ఆస్తి అమ్ముకునేటప్పుడు తెలియకుండా మాట చెప్పకూడదండి, తెలీదని చెప్పినా నయమే.

నా జీతం సంగతి కూడా అడిగాను. నేను ఇక్కడ సంపాదించేది లెక్కలోకి రాదు, యూకేలో ఉండి అక్కడ పని చేసుకునే పర్మిషన్ ఉంటేనే అప్లికెంట్ జీతం చూస్తారు. కాబట్టి మొత్తం భారం మా ఆయన కాగితాల మీదే.

పరిష్కారం ఏంటంటే, మేం వెళ్ళింది దీపావళి ముందు, కంపెనీ ఇయర్ ఇంకా నడుస్తోంది, కంపెనీలో లాభం కూడా ఉంది. మార్చి 31 లోపు పద్ధతిగా డివిడెండ్ డిక్లేర్ చేసి సొంత అకౌంట్లోకి తీసుకోమన్నారు. 12,570 జీతం, 19,000 డివిడెండ్, మొత్తం 31,570. సరిగ్గా 29,000 దగ్గర ఆపొద్దు, ఏదైనా ఒక ఎంట్రీ వాళ్ళు ఒప్పుకోకపోయినా మీద మిగలాలి అన్నది ఆవిడ సలహా. దీని మీద మా ఆయనకి దాదాపు 1,600 పౌండ్ల డివిడెండ్ టాక్స్ పడింది, ఆ ఇయర్‌కి మొదటి 500 వదిలేసి మిగతా దాని మీద 8.75 శాతం. పడితే పడింది, నిఖార్సైన ఆదాయం అని కాగితం మీద ఉంది. జీ కేటగిరీలో సగటు తీస్తే 27,070 వచ్చి మళ్ళీ తగ్గేది, అందుకే ఎఫ్‌లోనే పెట్టాం.

డివిడెండ్ తీసుకోవడం అంటే కంపెనీ అకౌంట్ నుంచి మన అకౌంట్‌కి డబ్బు కొట్టేయడం కాదు. మా ఆయన అంతకుముందు అవసరమైనప్పుడల్లా అలాగే లాగేవారు, ఏడాది చివర్లో అక్కడి అకౌంటెంట్ దాన్ని డైరెక్టర్ లోన్ అని రాసేసేవాడు. లోన్ ఆదాయం కిందకి రాదు. ఈసారి ప్రతిదానికీ బోర్డ్ మినిట్స్, డివిడెండ్ వోచర్, వోచర్ మీద ఉన్న అమౌంటే అదే తేదీ దగ్గర్లో సొంత అకౌంట్లో పడటం, ట్రాన్స్‌ఫర్ రిఫరెన్స్‌లో డివిడెండ్ అని ఉండటం, ఇవన్నీ మేడం గారు వీడియో కాల్‌లో మా ఆయనకి దగ్గరుండి చెప్పారు. "బాబూ, కాగితానికి కాగితం పలకాలి, మొగుడూ పెళ్ళాలు సాక్ష్యం చెప్పినట్టు" అనేవారు. ఒక వోచర్ డబ్బు రెండు ముక్కలుగా పడితే దాన్ని కూడా వదల్లేదు, అకౌంటెంట్ చేత లెటర్‌లో రాయించారు.

అకౌంటెంట్ అంటే గుర్తొచ్చింది. మనవాళ్ళు ఏ సర్టిఫికెట్ కావాలన్నా అరండల్‌పేటలో సీఏ దగ్గరికి పరిగెత్తుతారు, నేనూ అదే అడిగా. ఇక్కడి సీఏ లెటర్ దీనికి పనికిరాదు, యూకే రూల్స్‌లో చెప్పిన సంస్థల్లో మెంబర్ అయిన అకౌంటెంటే ఇవ్వాలి, ఏసీసీఏ, ఐసీఏఈడబ్ల్యూ లాంటివి. మా ఆయన అకౌంటెంట్ ఏసీసీఏ కాబట్టి సరిపోయింది. ఆయనతో వచ్చిన చిక్కు వేరే. కంపెనీ టాక్స్ రిటర్న్ సీటీ 600 అంటారు, అది ఇయర్ అయ్యాక పన్నెండు నెలల దాకా వేయొచ్చు, కాబట్టి ఆయనకి తొందర లేదు, డిసెంబర్లో చూద్దాం అన్నాడు. కానీ మనకి ఆ సీటీ 600 వేసినట్టు హెచ్‌ఎంఆర్‌సీ, అంటే అక్కడి టాక్స్ డిపార్ట్‌మెంట్, రుజువు లేకపోతే ఫైలే లేదు. మేడం గారు ఏమేం కావాలో, ఎందుకు కావాలో రూల్ నంబర్లతో సహా ఇంగ్లీషులో ఒక మెయిల్ రాసిచ్చారు, అది పంపాక ఆయన కూడా సీరియస్‌గా తీసుకుని మే నెలలో పూర్తి చేసిచ్చాడు.

మా ఫైల్లో కంపెనీ వైపు నుంచి పెట్టినవి: సీటీ 600, అది వేసినట్టు రుజువు, కంపెనీ అకౌంట్స్, ఆడిట్ లేదు కాబట్టి దానికి అకౌంటెంట్ సర్టిఫికెట్, ఆ పన్నెండు నెలల కంపెనీ బ్యాంక్ స్టేట్‌మెంట్లు, అవే పన్నెండు నెలల సొంత బ్యాంక్ స్టేట్‌మెంట్లు, పేస్లిప్పులు, పీ60 (ఏడాది జీతం, టాక్స్ చూపించే కాగితం), డివిడెండ్ వోచర్లు, కంపెనీస్ హౌస్ (అక్కడ కంపెనీలు రిజిస్టర్ చేసే ఆఫీసు) నుంచి తీసిన రిజిస్ట్రేషన్ కాగితం, ఇప్పటికీ డైరెక్టరే అని చూపించే తాజా రిపోర్ట్, పీఏవైఈ రిజిస్ట్రేషన్ (జీతాలిచ్చే కంపెనీగా టాక్స్ డిపార్ట్‌మెంట్‌లో నమోదు). వ్యాట్ రిజిస్ట్రేషన్ గానీ ఆఫీసు లీజు గానీ ఉన్నవాళ్ళు ఆ చివరిదాని బదులు అవి పెట్టుకోవచ్చు. రెండు స్టేట్‌మెంట్లూ సీటీ 600లో ఉన్న తేదీలకే సరిగ్గా ఉండాలి, ఒక నెల అటూ ఇటూ అయినా కుదరదని ఆవిడ ఒక్కో పేజీ పెన్సిల్‌తో టిక్ పెట్టుకుంటూ చూశారు. నేను పిల్లల పేపర్లు కూడా అంత శ్రద్ధగా దిద్దను అనిపించింది.

మిగతావన్నీ మామూలే. ఏ1 ఇంగ్లీష్ టెస్ట్, హైదరాబాద్‌లో టీబీ టెస్ట్, వీసా అప్లికేషన్లు తీసుకునే వీఎఫ్ఎస్ సెంటర్లో వేలిముద్రలు, అక్కడి ఇంటి అగ్రిమెంట్, ఫోటోలు, చాట్లు. శుభలేఖ తెలుగులో ఉంది కాబట్టి ట్రాన్స్‌లేషన్ చేయించారు. ఖర్చుకి రెడీగా ఉండండి, మేం 2025లో పెట్టినప్పుడు అప్లికేషన్ 1,938 పౌండ్లు, హెల్త్ సర్‌ఛార్జ్ 3,105, రెండూ ముందే కట్టాలి. ఇవి గవర్నమెంట్‌కి వెళ్ళేవి, ఆఫీసు ఫీజు దీనికి వేరే. వీళ్ళ ఫీజు సగం మొదట్లో, సగం ఫైల్ అప్‌లోడ్ అయ్యాక. మమ్మల్ని ఆగమన్న అన్ని నెలలకీ ఒక్క రూపాయి ఎక్స్‌ట్రా అడగలేదు. వీసా గ్యారంటీ అనే మాట కూడా ఒక్కసారి అనలేదు, నేను అడిగినా అనలేదు. 29,000 తగ్గిస్తారట కదా అని అడిగితే కూడా, యూకే గవర్నమెంట్‌కి సలహా ఇచ్చే మైగ్రేషన్ అడ్వైజరీ కమిటీ రిపోర్ట్ ఇచ్చినంత మాత్రాన రూల్ మారదు, ఇవాళ ఉన్న రూల్‌కే ఫైల్ కడదాం అన్నారు.

నచ్చనివి కూడా చెప్పాలి. మధ్యాహ్నం ఫోన్ ఎత్తరు, ఎన్నిసార్లు చేసినా అంతే, వాట్సాప్‌లో పెడితే రాత్రికి జవాబు వస్తుంది. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్య గారు ఒకసారి వచ్చి మళ్ళీ రానన్నారు. కింద బండి పెట్టుకునే చోటు లేదు. సెప్టెంబర్ ఇన్‌టేక్ ముందు పిల్లలూ తల్లిదండ్రులూ కిటకిటలాడిపోతారు, మనలాంటివాళ్ళు గంటలు గంటలు కూర్చోవాలి. స్కానింగ్, ప్రింట్లకి విడిగా తీసుకుంటారు, అది ముందే చెప్తే బాగుండేది. అన్నిటికన్నా ముఖ్యం, రిసెప్షన్ పక్కన కూర్చునే కుర్రాళ్ళు స్టూడెంట్ ఫైల్స్ చేసేవాళ్ళు, వాళ్ళలో ఒకబ్బాయి మాకూ ఆరు పేస్లిప్పులు చాలు అనేశాడు, మేడం గారు విని అప్పటికప్పుడు పిలిచి సరిదిద్దారు. ఆవిడ లేని రోజు వెళ్ళి ఆ పిల్లల మాట పట్టుకుని రాకండి.

ఇంతకుముందు రిజెక్ట్ అయినవాళ్ళు, అక్కడ ఓవర్‌స్టే లాంటి గొడవలున్నవాళ్ళు వీళ్ళ దగ్గరికి రావడం కన్నా యూకేలో సాలిసిటర్‌నో, ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో రిజిస్టర్ అయిన అడ్వైజర్‌నో పట్టుకోవడం మంచిది. ఈ మాట కూడా మేడం గారే తెనాలి పెద్దాయనకి చెప్పగా విన్నాను, వాళ్ళ కేసు తీసుకోలేదు.

మా వీసా వచ్చింది. ఒక్క అదనపు కాగితం కూడా అడగలేదు. కాలేజీలో రిజైన్ చేశాను, నాన్న స్థలం నాన్న దగ్గరే ఉంది.

ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా, అర తగ్గించింది ఫోన్ ఎత్తనందుకు. వెళ్ళేవాళ్ళు పొద్దున పదకొండు లోపు వెళ్ళండి, మేడం గారు ఉన్నారో లేదో ముందురోజు రాత్రి వాట్సాప్‌లో కనుక్కోండి. కంపెనీ పోయిన ఇయర్ అకౌంట్స్, అబ్బాయి పీ60, ఆ ఏడాది డివిడెండ్లు ఎంతెంత ఏ తేదీన పడ్డాయో ఉన్న స్టేట్‌మెంట్, కంపెనీ ఇయర్ ఏ తేదీతో ముగుస్తుందో, షేర్లు ఎవరెవరి పేరు మీద ఉన్నాయో రాసుకుని పట్టుకెళ్ళండి. ఇవి ఉంటే మొదటి రోజే పెట్టొచ్చో ఆగాలో చెప్పేస్తారు.